వచ్చే ఆదివారం చెప్తానన్నావు, వన్నూరన్నా

వన్నూరన్నా,

ఎలా ఉన్నావు? అక్కడ కూడా సరిగ్గా మిక్సింగ్‌కు కూర్చునే వేళకే కరెంటు పోతుందా? నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. పోయిన ఉగాదికి ముందు పోయావు. ఈ ఉగాదీ వచ్చి వెళ్ళింది, పెళ్ళిళ్ళ సీజనూ అయిపోయింది. ఇప్పుడు ధర్మవరంలో వాన పడుతోంది. మేడ మీద గదిలో కూర్చుని రాస్తున్నాను. కింద పద్మ మగ్గం మీద ఉంది.

నిన్నొకటి అడగాలి. బెంగళూరులో మనలాంటి వాళ్ళ సినిమాలు వేసే వాళ్ళు కొందరున్నారు. మన ఆదివారాల సంగతి వాళ్ళకు తెలిసింది. మన క్యాసెట్లు పంపమంటున్నారు. ముఖ్యంగా నీది... నువ్వు కెమెరా ముందు కూర్చున్నది. అందులో నీ మొగం ఉంది కదన్నా. పంపమంటావా, వద్దంటావా?

జవాబు రాదని తెలుసు. కానీ అడగడం నేర్పింది నువ్వే. "అడగల్ల మే. అడక్కుండా ఎవురి మొగమూ ఎవురికీ చూపీకూడదు." ఆ మాటే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది. నీకేం, హాయిగా చెప్పి వెళ్ళిపోయావు.

సరే, ఇన్నాళ్ళ సంగతులూ చెప్తాను. నువ్వు వినే తీరు నాకు తెలుసు. మొదటి నుంచి చెప్పకపోతే ఊరుకోవు.

మొదలంటే తొంభై ఏడులో పెనుకొండలో మా చిన్నాన్న కూతురి పెళ్ళే కదా. నీతో లైటు పట్టుకునేవాడు ఆ రోజు రాలేదు. నువ్వు పందిట్లో అటూ ఇటూ చూసి, స్తంభానికి ఆనుకుని ఉన్న నన్ను పిలిచావు. "ఏం పాపా, ఊరికే నిలబడుకోనుండావు గదా, లైటు పట్టుకుంటావా?" అన్నావు. ఆ లైటు వేడికి నా చెయ్యి కాలిపోయింది. అయినా ముహూర్తం అయ్యేదాకా దించలేదు.

తర్వాత క్యాసెట్టు తెమ్మని నాయన నన్ను హిందూపురం పంపించాడు. బస్టాండు వెనక సందులో నీ షాపు. నువ్వు నన్ను కూర్చోబెట్టి, షూటింగ్ క్యాసెట్టు వేసి చూపించావు. తలంబ్రాలు పోస్తున్నారు... పెళ్ళికొడుకు మొగం చీకట్లో ఉంది. పెళ్ళికూతురి మొగం సగం చీకట్లో ఉంది. వెనక నిలబడి నవ్వుతున్న పెళ్ళికూతురి స్నేహితురాలు మాత్రం పట్టపగలు వెలుగులో ఉంది. తాళి కట్టేటప్పుడూ అంతే. అప్పగింతలప్పుడూ అంతే. ధర్మవరం నుంచి వచ్చిన ఆ అమ్మాయి పేరు పద్మ అని అప్పటికి నాకు తెలుసు. అంతకంటే ఏమీ తెలియదు.

నువ్వు టీవీ సౌండు తగ్గించావు. "లైటు ఎవురి మింద పెట్టల్లో నీకు బాగా తెలుసు మే" అని నవ్వావు. నేను ఏడుపు మొదలుపెట్టేసరికి నవ్వు ఆపేశావు. "భయపడద్దు. నేను నాటకాల్లో ఆడవేషం కట్టినోణ్ణి. వేషం తీసేసినాక కూడా కొంచెం అట్లే మిగిలిపోయినాది. నా లైటు ఎప్పుడూ మొగోళ్ళ మిందికే పోతాది. ఏం జేస్తాం?" అన్నావు.

ఏం జేస్తాం... అంత తేలిగ్గా అనేశావు. నేను ఇంటర్ చదివేటప్పటి నుంచీ నాలో నేనే నలిగిపోతున్న విషయాన్ని, కూరలో ఉప్పు ఎక్కువైనట్టు చెప్పేశావు. ఆ రోజు నీ షాపులోంచి బయటికి వచ్చాక హిందూపురం బస్టాండులో నిలబడి చాలాసేపు ఊరికే నవ్వుకున్నాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ చీకటి పెళ్ళికొడుకును ఎలా సర్దావో గుర్తుందా? మొగం కనపడని చోటల్లా మిక్సింగ్‌లో గులాబీలు రాల్చావు. అవీ చాలక హృదయం ఆకారంలో ఒక కిటికీ తెరిచి, అందులో ఇద్దరినీ తిప్పావు. మా చిన్నాన్న ఈ రోజుకీ ఆ గులాబీల గురించి ఊరంతా చెప్పుకుంటాడు. అన్ని పూలు ఎందుకు రాలాయో మనిద్దరికే తెలుసు.

తర్వాత మా ఇంటికొచ్చి నాయనతో మాట్లాడావు. "పెండ్లికూతురి గదిలోకి మొగోడు కెమెరా ఎత్తుకోని పోతే బాగుండదప్పా. మీ పాప అయితే అందరికీ మర్యాద" అన్నావు. మర్యాద అన్న మాట నాయనకు బాగా నచ్చింది. అలా నా చేతికి కెమెరా వచ్చింది. పెనుకొండలో ఆడపిల్ల కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళకు పోవడమంటే ఎగతాళి చెయ్యని వాళ్ళు లేరు. నువ్వు మాత్రం ప్రతి పెళ్ళిలోనూ పెద్దవాళ్ళ ముందు నన్ను "మా కెమెరామెన్" అని గట్టిగా పిలిచేవాడివి. నేను మెన్ కాదన్నా అంటే వినిపించుకునేవాడివి కాదు.

పద్మకు ఆ క్యాసెట్టు చూపించింది కూడా నువ్వే. నన్ను అడిగిన తర్వాతే చూపించావు. అప్పుడు నేను షాపు బయట నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను. లోపల నుంచి తను బయటికి వచ్చి ఏమందో నీకు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. కొన్ని మా ఇద్దరికే ఉండనీ.

ఆ తర్వాత ఆదివారాలు... ఆ ఆదివారాలే లేకపోతే నేనేమయ్యేదాన్నో?

షట్టరు సగానికి దించి, లోపల ఉగ్గాని చేసేవాడివి. బొరుగులు ఎంతసేపు నానాలో నీకు తప్ప ఎవరికీ తెలియదన్నట్టు ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడివి కాదు. పద్మ ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కితే, నేను పెనుకొండలో అదే పెట్టెలో ఎక్కేదాన్ని. మా పెట్టెలోనే మేరీ ఉండేది. మేరీని వాళ్ళ అమ్మానాన్నలు కొడుకని పెంచారు. మేరీ అన్న పేరు తనకు తానే పెట్టుకుంది. ఓబులేసు నంబులపూలకుంట నుంచి కదిరి మీదుగా రెండు బస్సులు మారి వచ్చేవాడు. వాళ్ళది గొర్రెలు మేపే కుటుంబం. వచ్చేసరికి ఉగ్గాని చల్లారిపోయేది. నువ్వు వాడికోసం మళ్ళీ బజ్జీలు వేసేవాడివి.

మనం ఎవరమో చెప్పే మాట మన దగ్గర లేదు అప్పట్లో. ఉన్న మాటలన్నీ తిట్లే. మేరీ దానికోసం ఎప్పుడూ బాధపడేది. నువ్వేమన్నావు? "పేరు తర్వాత ఎవురన్నా పెడతార్లే. ముందు కథ చెప్పు."

ఆ కథ చెప్పే పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావన్నా? నాటకాల్లోనా? లేక నువ్వే పెట్టావా? నీ దగ్గర వెడల్పాటి చెక్క స్టూలు ఒకటుండేది. మీ నాటకం కంపెనీలో హార్మోనియం వాయించే ఆయనదని చెప్పేవాడివి. కథ ఎవరిదైతే వాళ్ళు ఆ స్టూలు మీద కూర్చోవాలి. షూటింగ్ మనమంతా చేస్తాం. కానీ మిక్సింగ్ వేళకు వాళ్ళే కూర్చోవాలి. ఒక వీసీఆర్‌లో తీసిన క్యాసెట్టు తిరుగుతుంటే, కావలసిన ముక్కలు రెండో వీసీఆర్‌లోకి ఎక్కించాలి కదా. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో పాజ్ బటన్ మీద వేలున్న మనిషే చెప్పాలి. ఆ వేలు కథ ఎవరిదో వాళ్ళదే. నీకు ఎంత బాగా తెలిసినా ఆ బటన్ ముట్టుకునేవాడివి కాదు. "నీ కథను నువ్వే కొయ్యల్ల. ఇంకోడు కోస్తే నొప్పి పుడతాది" అనేవాడివి.

అయ్యాక వేసి చూసేవాళ్ళం. చూశాక బాగుంది అనకూడదు. బాగాలేదు అనకూడదు. "అదంతా పెండ్లిండ్లలో అంటారు. నువ్వేం చూసినావో అది చెప్పు." ఒక్కొక్కరం చూసింది ఒక్కటి చెప్పాలి. అంతే. మొదట్లో నాకు విచిత్రంగా ఉండేది. తర్వాత అర్థమైంది... మా బతుకుల్ని బాగుంది బాగాలేదు అని తేల్చేవాళ్ళు బయట బోలెడంత మంది ఉన్నారు. చూసేవాళ్ళే లేరు.

ఓబులేసు కథలో మనుషులే కనపడరు. గొర్రెల కాళ్ళు కనపడతాయి, దుమ్ము కనపడుతుంది. వాడి గొంతు వినపడుతుంది. మంద వెంట పోయిన ఇద్దరు పిల్లలు, ఒకే కంబళి కప్పుకుని పడుకునే రోజులు, తర్వాత ఒకడికి పెళ్ళి చేసేయడం. వాడు ఆ పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి పాజ్ నొక్కి అలాగే కూర్చున్నాడు. మేమంతా ఎదురుచూస్తున్నాం. నువ్వు లేచి వెళ్ళి ఉల్లిపాయలు కోస్తూ కూర్చున్నావు, తొందరేమీ లేనట్టు. చివరికి వాడే నొక్కాడు.

మేరీ కథలో మేరీ చేతులే ఉంటాయి. క్రిస్మస్‌కు కట్టుకోవడానికి తెల్ల చీర, దానికి తనే కుట్టుకున్న రవిక, ఆ రవిక హుక్కులు పెట్టుకునే వేళ్ళు. అంతే. చీర కుచ్చిళ్ళు నువ్వు సర్దావు. ఆ వేళ్ళు చూసి పద్మ ఎంత ఏడ్చిందో!

ఇక మాది... పద్మ పోగులు అతుకుతుంటే రెండో పక్క నా చెయ్యి పట్టుకుని ఉంటుంది. నాలుగు చేతులు, బంగారు రంగు పట్టు. మేం కోయడం పూర్తి చేశాక నువ్వు మొదటిసారి అడిగావు. "ఒక్కటి నేను చేస్తా మే, ఒప్పుకుంటారా?" అన్నావు. ఒప్పుకున్నాం. మా చేతుల మీద గులాబీలు రాల్చావు. హృదయం ఆకారంలో కిటికీ కూడా తెరిచావు. మేమిద్దరం పడీపడీ నవ్వాం. నవ్వి నవ్వి చివరికి పద్మ నీ కాళ్ళకు దండం పెట్టింది. మా పెళ్ళికి ఇంకెవరు వీడియో తీస్తారన్నా? తీసింది నువ్వే.

సోమందేపల్లి సంగతి కూడా రాయాలి. తప్పు చేసింది నువ్వే కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. కొత్త క్యాసెట్టు ఎందుకని, సోమందేపల్లి పెళ్ళి తాలూకు రెండో కాపీ చివర్న మిగిలిన ఖాళీలో ఓబులేసు కథ ఎక్కించావు. మొదటి కాపీ వాళ్ళకివ్వాలి, రెండోది మన దగ్గర ఉండాలి. నీ కళ్ళద్దాలు ఎక్కడ పెట్టావో ఏమో... రెండోది ఇచ్చి పంపావు.

వాళ్ళ ఇంట్లో వీధి వీధంతా కూర్చుని పెళ్ళి చూశారట. అప్పగింతలు అయ్యాయి. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. అప్పుడు గొర్రెలు వచ్చాయి. ఓబులేసు గొంతు వచ్చింది. ఇద్దరు మగపిల్లల కథ... కంబళి దాకా ఎవరూ ఆపలేదట. ఇదీ పెళ్ళిలో భాగమేమో అనుకున్నారట!

తెల్లారి వాళ్ళ మనుషులు షాపు మీదికి వచ్చారు. సందంతా జనం. నేను షట్టరు వెనక నిలబడి వింటున్నాను. కథ ఎవరిదో చెప్పమన్నారు, పేరు చెప్పమన్నారు. నువ్వు చెప్పలేదు. చేతులు కట్టుకుని అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "తప్పు నాది. క్యాసెట్టు మార్చి ఇచ్చింది నేను. మీ కాళ్ళు పట్టుకుంటా. కానీ ఆ కథ మాత్రం తప్పు కాదప్పా." నీ చెంప మీద దెబ్బ పడింది. ఆడవేషం వేసేవాడని ఎవడో తిట్టాడు. నువ్వు తల దించలేదు. ఓబులేసు పేరు నీ నోట్లోంచి రాలేదు.

ఆ సీజనంతా ఆ దారిలో ఒక్క పెళ్ళీ మనకు రాలేదు. ఆదివారాలు ఆపేద్దామని నేనే అన్నాను. నువ్వు ఒప్పుకోలేదు. సరైన క్యాసెట్టు ఇచ్చి మనది తెచ్చుకోవడానికి నువ్వే సోమందేపల్లి వెళ్ళావు. కొడతారేమోనని మేం భయపడుతుంటే ఆదివారం నవ్వుకుంటూ వచ్చి చెప్పావు. "ఆ ఇంట్లో అవ్వ ఒకామె ఉండాది మే. వాళ్ళూ మంద మేపినోళ్ళే అంట. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది... ఆ ఇద్దురు పిల్లోళ్ళు ఇప్పుడు యాడుండారప్పా, ఆ కథ ఆడికే ఆగిపోయినాదే, అని. ఒకడు మా కాడ సల్లగుండాడవ్వా అని చెప్పి వచ్చినా."

ఓబులేసు లేచి షాపు బయటికి పోయాడు. వాడు ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నువ్వు వెంట వెళ్ళలేదు. తలుపు మాత్రం తెరిచి ఉంచావు.

ఆ తర్వాతే మన క్యాసెట్లన్నిటికీ పద్మ పట్టు పోగు కట్టడం మొదలుపెట్టింది, పెళ్ళి క్యాసెట్లతో కలిసిపోకుండా. నువ్వు ఒక్కొక్క దాన్ని తడిమి చూసి మరీ కస్టమర్లకు ఇచ్చేవాడివి. అది చూసి మేం నవ్వేవాళ్ళం.

అందరి కథలూ అయ్యాయి. కొందరివి రెండేసి అయ్యాయి. నీది మాత్రం కాలేదు. ఎన్నిసార్లు అడిగాం? "నాదేముందిలే. వచ్చే ఆదివారం చెప్తా." మళ్ళీ వచ్చే ఆదివారం. మళ్ళీ... ఆ హార్మోనియం ఆయన ఎవరన్నా? ఆ స్టూలు మీద ఎవరైనా కాలు పెడితే ఎందుకంత కోపం నీకు? మాకు తెలిసినట్టే ఉండేది. తెలియనట్టూ ఉండేది. నువ్వు చెప్పాక తెలుసుకుందాంలే అని ఊరుకున్నాం.

పెళ్ళి షూటింగ్ నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్ళిపోయావు. గుండె అన్నారు. అంతే అన్నారు.

మీ ఊరి నుంచి మీ అన్న వచ్చాడు. మీ అమ్మ సగం కన్నడంలో, సగం తెలుగులో నీ పేరు పెట్టి ఏడ్చింది. మేం నలుగురం జనంలో వెనక నిలబడ్డాం. మేం ఎవరమని చెప్పాలి? పని నేర్చుకున్న వాళ్ళమన్నాం. అది అబద్ధమేమీ కాదు కదా.

షాపు ఖాళీ చేసే రోజు మీ అన్న కెమెరా, వీసీఆర్లు, టీవీ అన్నీ అమ్మకానికి పెట్టాడు. నాకేం కావాలన్నాడు. పోగులు కట్టిన క్యాసెట్లూ, ఆ స్టూలూ ఇమ్మన్నాను. పాత స్టూలు ఏం చేసుకుంటావన్నట్టు చూసి ఇచ్చేశాడు. కెమెరా సంచిలో ఒక క్యాసెట్టు ఉండిపోయి ఉంది. పెళ్ళిదేమోనని తీసి దాచాను. స్టూలు ప్యాసింజరు పెట్టెలో పెట్టుకుని, అప్పటికే పద్మా నేనూ ఉంటున్న ధర్మవరం ఇంటికి తీసుకొచ్చాను. రైల్లో ఒకామె దాని మీద కూర్చుంటానంది. నా నోట్లోంచి నీ గొంతే వచ్చింది. ఆమె భయపడి అవతలికి పోయింది.

ఇంటికొచ్చాక ఆ క్యాసెట్టు వేశాం.

అందులో నువ్వున్నావు. మధ్యాహ్నం ఎండ, సగం దించిన షట్టరు. కెమెరా స్టాండు మీద పెట్టుకుని, పద్మ నేసి ఇచ్చిన ఆవపువ్వు రంగు చీర కట్టుకుని, స్టూలు మీద కూర్చున్నావు. పౌడరు వేసుకున్నావు, బొట్టు పెట్టుకున్నావు. కళ్ళద్దాలు తియ్యడం మర్చిపోయావు. "ఈ స్టూలు..." అన్నావు. ఆగిపోయావు. బయట బస్సు హారన్లు వినపడుతున్నాయి. కొంగు సర్దుకున్నావు. స్టూలు అంచు నిమిరావు. తర్వాత నీలో నువ్వే నవ్వుకుని "నాదేముందిలే. వచ్చే ఆదివారం చెప్తా" అని లేచావు. కెమెరా ఆపడానికి దగ్గరికి వచ్చావు. నీ మొగం టీవీ అంతా నిండిపోయింది. ఆ తర్వాత తెరంతా నీలం రంగు.

మనం తీసిన అన్నిటిలోనూ మొగం కనపడేది ఆ ఒక్కదాన్లోనే.

నువ్వు పోయాక ఆదివారాలు ఆగిపోయాయి. నీకు కోపం వచ్చినా ఇది చెప్పాలి. ఓబులేసు రాలేదు. మేరీ బెంగళూరు వెళ్ళిపోయింది. పద్మా నేనూ పెళ్ళిళ్ళు తీసుకుంటూ, చీరలు నేసుకుంటూ బతుకుతున్నాం. చుట్టుపక్కల వాళ్ళు మమ్మల్ని అక్కాచెల్లెళ్ళనుకుంటారు. అనుకోనీ. ఇప్పుడు నా దగ్గర కంప్యూటర్ ఉంది. మిక్సింగ్ అందులోనే. తప్పు కోసినా మళ్ళీ అతికించుకోవచ్చు. నువ్వుంటే పొద్దస్తమానం దాని ముందే కూర్చుని గులాబీలు రాల్చేవాడివి.

ఒక రోజు పద్మ ఊరికే ఉగ్గాని చేసింది. బొరుగులు మరీ మెత్తగా అయిపోయాయి. ఇద్దరం తింటూ తింటూ నీ గురించి మాట్లాడుకున్నాం. ఆ మర్నాడే ఓబులేసుకు ఫోన్ చేశాను. రెండు బస్సులు మారి వచ్చాడు. మేరీ రైలెక్కి వచ్చింది. మేడ మీద గదిలో స్టూలు మధ్యలో పెట్టాం. దాని మీద ఎవరూ కూర్చోలేదు. అయినా మళ్ళీ కలిశాం కదా... తర్వాతి ఆదివారమూ కలిశాం. మేరీ కొత్త కథ మొదలుపెట్టింది. బెంగళూరు వాళ్ళకు మన సంగతి చెప్పింది తనే. మన రోజులు కొన్ని వాళ్ళకు తెలియాలని తన ఆశ.

వాళ్ళకు ఓబులేసు కథ పంపుతున్నాం. వాడిని అడిగాం. మేరీది పంపుతున్నాం. మా చేతులు కూడా పంపుతున్నాం, గులాబీలతో సహా. నీది మాత్రం నా చేతిలోనే ఉంది. నిన్ను అడగలేను. నీకోసం పాజ్ బటన్ మీద ఎవరు వేలు పెట్టాలి? మేరీ పంపాల్సిందే అంటుంది. అంత గొప్ప మనిషి మొగం ఈ మేడ మీద గదిలోనే ఉండిపోవాలా అంటుంది. ఆమె అనేది కూడా నిజమే. నీలాంటి వాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. పెద్ద చదువులేదు, డబ్బు లేదు, చెప్పుకోవడానికి ఒక మాట కూడా లేని రోజుల్లో, ఒక సందులో, సగం దించిన షట్టరు వెనక మమ్మల్ని మనుషుల్ని చేశావు. ఆ మొగం అందరూ చూడాలని నాకు మాత్రం ఉండదా?

మొన్న ఆదివారం ఒక కుర్రాడు వచ్చాడు. పేరు గంగాధర్. అనంతపురంలో డిగ్రీ అయిపోయిందట. ఏ ఊరబ్బాయివి అని అడిగితే సోమందేపల్లి అన్నాడు. ఓబులేసు చేతిలో గ్లాసు కింద పడింది. ఆ పెళ్ళికూతురి తమ్ముడన్నా ఇతను! వీధంతా కూర్చుని చూసిన రోజు తనూ ఉన్నాడట. స్కూలు పిల్లవాడు అప్పుడు. గొర్రెల కాళ్ళు కనపడుతుంటే వినపడిన ఆ గొంతు ఇన్నేళ్ళూ తన చెవుల్లోనే ఉండిపోయిందట. నేనొక్కణ్ణే కాదు అని తెలిసింది ఆ రోజేనట. వాళ్ళ అవ్వ పోయేముందు నీ షాపు ఎక్కడో చెప్పిందట. హిందూపురం వెళితే షాపు లేదు. పక్కన టీ కొట్టులో అడిగితే కెమెరా అమ్మాయి ధర్మవరంలో ఉందని చెప్పారట.

చూశావా? నువ్వు చేసిన తప్పు ఏడేళ్ళ తర్వాత మా మేడ మెట్లెక్కి వచ్చింది.

అతను ఓబులేసు కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. తర్వాత నిన్ను చూడాలన్నాడు. ఆ రోజు చెంపదెబ్బ కొట్టింది వాళ్ళ చిన్నాన్నేనట. అందుకే నిన్ను చూసి ఒక మాట చెప్పాలని వచ్చాడట. నువ్వు లేవని చెప్పేసరికి అతని మొగం చూడలేకపోయాం. కిటికీలు మూసి నీ క్యాసెట్టు వేశాను. కోయలేదు. మొదటి నుంచి నీలం రంగు దాకా అలాగే వేశాను. నీ కథను కోసే హక్కు నాకు లేదు కదా.

అయ్యాక పద్ధతి ప్రకారం అడిగాను, ఏం చూశావని. నువ్వు స్టూలు మధ్యలో కూర్చోలేదన్నాడు అతను. ఒక పక్కకు ఒదిగి కూర్చున్నావట. పక్కన ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలావట.

ఎన్నిసార్లు చూశాం మేం? కళ్ళద్దాలు చూశాం, చీర చూశాం, కొంగు చూశాం. ఆ చోటు చూడలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వేశాం. నిజమేనన్నా. సగం స్టూలు ఖాళీ. నువ్వు నిమిరింది అంచును కాదు... ఆ ఖాళీని. మిగతా కథ మాకు తెలియకపోయినా ఫర్వాలేదు. అదే నీ కథ. వచ్చే ఆదివారం అన్నావు కానీ అప్పుడే చెప్పేశావు.

మేరీ ఏడ్చింది. పంపమని ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

అందుకని నేను ఒక నిర్ణయానికొచ్చాను. నువ్వు ఔననలేదు కాబట్టి నీ మొగం బెంగళూరుకు పంపను. ఏ ఊరికీ పంపను. నిన్ను చూడాలనుకున్న వాళ్ళు ధర్మవరం రావాలి. ప్యాసింజరో బస్సో పట్టుకుని, ఆదివారం మా మెట్లెక్కి, మెత్తటి ఉగ్గాని తిని, మా మధ్య కూర్చుని చూడాలి. చూశాక ఏం చూశారో చెప్పాలి. అలా వచ్చిన వాళ్ళెవరికీ నిన్ను చూపించనని అనను. అది నువ్వు ఒప్పుకుంటావు. నాకు తెలుసు.

గంగాధర్ కూడా ఒక కథ ఉందన్నాడు. ఎవరికీ చెప్పలేదట. తడబడి, తనదేముందిలే, తర్వాత ఎప్పుడైనా చెప్తానన్నాడు. నేను ఒప్పుకోలేదన్నా. ఈ మాట విని మేం ఒకసారి మోసపోయాం.

ఈ ఆదివారం అతనిదే. స్టూలు తుడిచి పెట్టాను. పక్కకు ఒదిగి కూర్చోమంటాను. నీ చోటు నీకుంటుంది.

నీ లైటు పాప,
సుజాత